మేడమ్ వెనక కుర్చీ

త్యాగరాజు ఎక్కితే మెట్రోలో జనం కాస్త జరిగి చోటిచ్చేవారు. మయూర్ విహార్‌లో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, కేంద్రీయ సచివాలయంలో దిగేదాకా రోజూ అదే మర్యాద. మెళ్ళో ప్రభుత్వం వారి గుర్తింపు కార్డు, చేతిలో తోలుబ్యాగు, ఇస్త్రీ నలగని చొక్కా. మనిషిని చూడగానే హోదా తెలిసిపోతోందని ఆయన లోలోపల మురిసిపోయేవాడు. ఎదురుగా నిలబడ్డ కుర్రాళ్ళు మొహం తిప్పుకునేది హోదా చూసి కాదన్న సంగతి, ఆయనకి తప్ప ఆ పెట్టెలో అందరికీ తెలుసు.

ఆయనది తెనాలి దగ్గరి పల్లె. యాభై ఆరేళ్ళ వయసులో ముప్పయ్యేళ్ళు ఢిల్లీలోనే గడిచాయి. ఒక మంత్రిత్వ శాఖలో గిడ్డంగుల విభాగానికి అండర్ సెక్రటరీ. ఏ రాష్ట్రంలో ఏ జిల్లాలో ఎన్ని గిడ్డంగులు మంజూరయ్యాయో, ఎన్ని కట్టారో, ఎన్నింటికి తాళం వేసుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ లెక్కల వల్లే ఆయనకో కుర్చీ దక్కింది.

ఆ కుర్చీ సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద మీటింగుల్లో జాయింట్ సెక్రటరీ బల్ల ముందు కూర్చుంటే, వెనక గోడవారగా కింది అధికారుల వరసలుంటాయి. సరిగ్గా జాయింట్ సెక్రటరీ వీపు వెనక ఉండే కుర్చీ లెక్కలు తెలిసిన మనిషిది. ఎదుటివాళ్ళు ప్రశ్న అడగ్గానే ఆ మనిషి ముందుకి వంగి చెవిలో జవాబు చెప్పాలి. పైకి పలికేది పెద్దవాళ్ళే, పేరూ వాళ్ళకే. కానీ ఆ చెవి దగ్గర నోరు ఎవరిదో భవనంలో అన్ని అంతస్తులకీ తెలుసు. పదకొండేళ్ళుగా ఆ నోరు త్యాగరాజుదే. ప్రమోషన్ రాలేదన్న బాధ కూడా ఆ కుర్చీలో కూర్చుంటే మర్చిపోయేవాడు.

ఏడు నెలల కిందట కొత్త జాయింట్ సెక్రటరీగా సునంద మేడమ్ వచ్చింది. నాగపూర్ ఆవిడ, మాట మెత్తన. మొదటి రెండు మీటింగుల్లో చెవిలో చెప్పించుకుంది. మూడోదానికి ముందు, “త్యాగరాజు జీ, ఆప్ లిఖ్ కే దే దియా కీజియే,” అంది. రాసి ఇమ్మని. తన చేతిరాత మేడమ్‌కి అంత నచ్చిందా అని ఆయన ఆ సాయంత్రమే కన్నాట్ ప్లేస్‌లో దిగి మంచి పెన్నొకటి కొన్నాడు. తర్వాత మేడమ్ తన గదిలో బల్లకి ఇవతల వేసిన కుర్చీల్ని రెండడుగులు వెనక్కి జరిపించింది. త్యాగరాజు లోపలికి వస్తే కిటికీ తీయమనేది. నవంబరులో, ఊరంతా పొగ కమ్మి బళ్ళు మూసేసిన వారంలో కూడా కిటికీ తీయించింది. “నాగపూర్ వాళ్ళకి గాలంటే ప్రాణం,” అని ఆయన అందరికీ చెప్పాడు.

ఇంత లెక్క తెలిసిన మనిషికి ఈ చిన్న లెక్క తెలియలేదు. తప్పు పట్టడానికి లేదు. మన ముక్కు మన నోటికి మరీ పక్కింటిది, అలవాటు పడిపోయి ఫిర్యాదు చెయ్యడం ఎప్పుడో మానేస్తుంది. పైగా ప్రభుత్వంలో దూరానికి గౌరవమని అర్థం. గుమస్తాలు ఫైలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడితే క్రమశిక్షణ అనుకున్నాడు. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుంటే ఒకటే కంపు కొట్టింది. గుడ్డ నాసిరకమని షాపువాడితో రెండుసార్లు పోట్లాడి మార్పించుకున్నాడు.

పళ్ళ విషయంలో ఆయనకి గట్టి నమ్మకాలున్నాయి. చిన్నప్పట్నుంచీ ఎర్ర పళ్ళపొడి, చూపుడువేలు, అంతే. కూతురు దీపు గురుగ్రామ్‌లో ఉద్యోగంలో చేరగానే మొదటి జీతంతో కరెంటు బ్రష్షు కొనిపెట్టింది. ఆయన దాన్ని రెండు రోజులు చూసి దేవుడి గదిలో పెట్టాడు. ఇత్తడి కుందుల సందుల్లో మసి వదిలించడానికి అది భేషుగ్గా పనికొస్తోంది.

ఆ సోమవారం పార్లమెంటరీ కమిటీ ముందు హాజరయ్యే అధికారుల జాబితా వచ్చింది. మీటింగు వచ్చే వారం గురువారం. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆ కాగితంలోనే ఉంది. మేడమ్ వెనక కుర్చీ ఎదురుగా ఉదయ్‌కిరణ్ పేరుంది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కాని గుంటూరు కుర్రాడు. త్యాగరాజు పేరు మూడో వరసలో, చివర.

ఆయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడ్డాడు.

“నన్ను మూడో వరసలో వేశారు అన్నపూర్ణా. పదకొండేళ్ళ తర్వాత.”

భార్య అన్నపూర్ణేశ్వరి మంచినీళ్ళ గ్లాసు అందించి, ఎదురుగా ఉన్న కుర్చీలో కాకుండా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడకి ఎప్పుడూ ఆ కుర్చీయే ఇష్టమని ఆయన నమ్మకం. మెల్లగా అంది. “ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించుకుని రారాదూ?”

“కుర్చీకీ పళ్ళకీ ఏమిటే సంబంధం? నొప్పి లేదు, కదలడం లేదు. మా తాత ఎనభై ఏళ్ళకి చెరుకు నమిలాడు.”

“ఊరికే చూపించుకోవచ్చు కదండీ.”

“నొప్పి లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏం చెప్పనూ? అంతా బాగుంది, ఫీజు తీసుకోమనా?”

ఈ సంభాషణ ఆ ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లు జరుగుతుంది, ప్రతిసారీ చెరుకు దగ్గరే ఆగుతుంది.

నోటి వాసన అనేది ఒకటి ఉంటుందని త్యాగరాజుకి తెలియక కాదు. అది శివరామకృష్ణకి ఉందని ఆయన ఏడాది కిందటే కనిపెట్టాడు. శివరామకృష్ణ అదే విభాగంలో సెక్షన్ ఆఫీసరు, కరీంనగర్ వాడు, ఇరవయ్యేళ్ళ స్నేహితుడు. ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా రుమాలు మూతికి అడ్డం పెట్టుకుంటున్నాడు. జేబులో ఎప్పుడూ ఏలకులు. తాను నములుతాడు, త్యాగరాజు చేతిలోనూ నాలుగు పోస్తాడు. ఏదో దాచుకోకపోతే మనిషి పొద్దస్తమానం ఏలకులెందుకు నములుతాడు? త్యాగరాజు మనసు కరిగి, శివరామకృష్ణ లేని సమయం చూసి క్యాంటీన్‌లో నలుగురికీ చెప్పాడు. “పాపం శివరాంకి నోటి వాసన. మీరెవరూ మొహం మీద అనకండి, బాధపడతాడు.” వాళ్ళు తలలు వంచుకుని తమ తమ పళ్ళేల్లోకి చూస్తూ సరేనన్నారు.

జాబితా వచ్చిన మర్నాడు మధ్యాహ్నం శివరామకృష్ణ ఆయన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. సెక్షన్‌లో అందరూ కలిసి పంపించారు. ఇంక చెప్పకపోతే బాగుండదని, చెప్పగలిగింది నువ్వొక్కడివేనని.

“అన్నా, ఒక ముచ్చట చెప్పాలె,” అన్నాడు నిలబడే. “యాడికెల్లి మొదలువెట్టాల్నో సమజైతలేదు.”

“చెప్పవోయ్. నా దగ్గర మొహమాటమేమిటి?”

“గీ నోటి వాసనుంటది సూడు...”

త్యాగరాజు చెయ్యెత్తి ఆపాడు. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు. శివరామకృష్ణ ఊపిరి బిగబట్టాడు.

“ఇంక చెప్పకు. నాకెప్పుడో తెలుసు.”

“నీకెరుకేనా?”

“ఏడాదిగా గమనిస్తున్నా. నీ అంతట నువ్వు చెప్పేదాకా కదిలించకూడదని ఊరుకున్నా. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదోయ్. ఎవరేమనుకున్నా నేను మాత్రం నీ పక్కనే కూర్చుని అన్నం తింటాను.”

శివరామకృష్ణ ఆయన మొహంలోకి చూశాడు. నిన్నటి జాబితాతో వాడిపోయిన మొహం అది. అందులో ఇప్పుడు ఎంత దయ, ఎంత ఆదరణ ఉన్నాయంటే, పెద్దపెద్దవాళ్ళ సిఫారసు ఫైళ్ళని మొహమాటం లేకుండా తిప్పికొట్టిన శివరామకృష్ణకి ఆ మొహాన్ని తిప్పికొట్టడం చేతకాలేదు.

“ఔనన్నా,” అన్నాడు చివరికి. “నాకే. డాక్టర్‌కు సూపియ్యాలంటే బుగులైతంది. నువ్వు తోడు రారాదు?”

“ఇంత వయసొచ్చి పళ్ళ డాక్టరంటే భయమేమిట్రా? శనివారం వెళదాం పద.”

బయటికి వచ్చిన శివరామకృష్ణని ఉదయ్‌కిరణ్ కళ్ళతోనే అడిగాడు. “చెప్పిన. కానీ జబ్బు నాకొచ్చింది,” అని శివరామకృష్ణ ఏలక్కాయ నోట్లో వేసుకున్నాడు.

శనివారం పొద్దున ఇద్దరూ మయూర్ విహార్ మార్కెట్‌లో మిఠాయి కొట్టు పైనున్న క్లినిక్‌కి వెళ్ళారు. డాక్టర్ ఇషిత తెలుగువాళ్ళ అమ్మాయే, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. శివరామకృష్ణని పడుకోబెట్టి, నోట్లో అద్దం తిప్పి, రెండు నిమిషాల్లో లేపేసింది.

“అంకుల్, ఆప్‌కే దాంత్ తో బిల్కుల్ ఠీక్ హై. పిఛ్లే మహీనే హీ తో క్లీనింగ్ కరాయీ థీ.”

పళ్ళు బాగానే ఉండి, పోయిన నెలే క్లీనింగ్ చేయించుకున్న మనిషికి భయమేమిటో త్యాగరాజుకి బోధపడలేదు. ఈ పిల్లకి అనుభవం తక్కువ, రోగుల్ని తారుమారు చేస్తోందనుకున్నాడు.

“ఎట్లయినా వచ్చినవ్ గదన్నా, నువ్వు గూడ ఒకసారి కూసో,” అన్నాడు శివరామకృష్ణ. “నీకేం లేదంటే నాకు ధైర్యమైతది.”

అందులో తర్కం ఆయనకి అందలేదు గానీ, స్నేహితుడి ధైర్యం కోసం కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. ఇషిత వంగింది. ఆగింది. లేచి, ఉన్న మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని మళ్ళీ వంగింది.

“అంకుల్, ఇస్సే పహ్లే కబ్ దిఖాయా థా?”

“ఇంతకు ముందెప్పుడూ చూపించుకోలేదమ్మా. అవసరం పడలేదు,” అన్నాడు కాస్త గర్వంగానే.

ఆ అమ్మాయి చిన్న కెమెరా నోట్లో పెట్టి, ఎదుటి తెర మీద బొమ్మ చూపించింది. ముందు ఆయన అది ఎవరి నోరని అడిగాడు. పళ్ళ లోపలి వైపంతా పసుపుపచ్చగా గార అట్టలు కట్టుకుపోయింది. చిగుళ్ళు వాచి, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ నెత్తురు చిమ్ముతున్నాయి. ఇషిత తొందరపడకుండా వివరించింది. ఇవి నొప్పి పెట్టవు, అందుకే ఎవరూ రారు. గార కింద చేరిన సూక్ష్మక్రిముల వల్లే ఈ వాసన. సొంత ముక్కుకి అలవాటైపోతుంది కాబట్టి తెలియదు.

“వాసనేమిటి?” అన్నాడు త్యాగరాజు. “ఎవరికి?”

ఇషిత శివరామకృష్ణ వంక చూసింది. శివరామకృష్ణ గోడ మీది ఏసీ వంక చూశాడు. ఆ ఏసీలో అంత చూడాల్సిందేమీ లేదు.

త్యాగరాజు ఇంకో ప్రశ్న అడగబోయాడు గానీ, అప్పటికే నోట్లో నీళ్ళ గొట్టం పెట్టేశారు. గార గీకే యంత్రం కీచుమంది. ముప్పయ్యేళ్ళుగా ఏ విషయానికైనా ముందు నోరు తెరిచే మనిషి, మొట్టమొదటిసారి నోరు బార్లా తెరిచి కూడా ఒక్క మాట మాట్లాడలేక నలభై నిమిషాలు పడుకున్నాడు. ఆలోచించడం తప్ప చెయ్యడానికి ఇంకేమీ లేదు. మెట్రోలో ఇచ్చిన చోటు గుర్తొచ్చింది. తలుపు దగ్గర నిలబడే గుమస్తాలు. రాసి ఇమ్మన్న చీటీలు, ఆ పెన్ను. పొగలో తెరిచిన కిటికీ. షాపువాడి మొహాన కొట్టిన మాస్కు. క్యాంటీన్‌లో వంచుకున్న తలలు. అన్నిటికన్నా చివర్న, భార్య కూర్చునే కిటికీ పక్క కుర్చీ గుర్తొచ్చింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నొప్పిగా ఉందేమోనని ఇషిత యంత్రం ఆపి అడిగింది. లేదని తల ఊపాడు. నిజంగానే నొప్పి పళ్ళలో లేదు.

ఇంకో రెండుసార్లు రావాలంది. రోజుకి రెండుసార్లు బ్రష్షు, నాలుక గీసుకోవడం, పళ్ళపొడికి సెలవు. మెట్లు దిగుతూ మధ్యలో త్యాగరాజు ఆగిపోయాడు.

“ఎందుకురా అబద్ధం చెప్పావు?”

“భుజం మీద చెయ్యేసినవ్ గదన్నా. గప్పుడెట్ల చెప్తరు?”

“నీకు వాసన అని నేను క్యాంటీన్‌లో చెప్పాను. అది తెలుసా నీకు?”

“ఆ రోజే ఎరుకైంది,” అన్నాడు శివరామకృష్ణ. “ఏంగాదులే. నా మంచికే చెప్పినవ్ గద.”

త్యాగరాజుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కింద కొట్లో స్నేహితుడికి పావుకిలో సోన్ పాప్డీ కొనిపెట్టాడు. తనకి తీపి వద్దన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అన్నపూర్ణేశ్వరి భోజనాల బల్ల మీద మెంతికూర వలుస్తోంది. ఆయన ఎదురుగా కూర్చోలేదు. బల్లకి అటు చివర కూర్చున్నాడు.

“నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?”

ఆవిడ ఏమిటని అడగలేదు. “దీపు పదో తరగతిలో ఉన్నప్పట్నుంచి,” అంది.

“పదేళ్ళు. ఒక్క ముక్క చెప్పొచ్చు కదా.”

“డాక్టరుకి చూపించుకోండి అన్నాను. మీరు మీ తాతగారి చెరుకు దాటి కదిలారా?” ఆవిడ కట్ట విప్పి కొత్త కాడ తీసుకుంది. “వాసనొస్తోందని చెబుదామనే చాలాసార్లు అనుకున్నాను. కానీ మీరు ఆఫీసు నుంచి రాగానే ఎవరేమన్నారో, ఏ ఫైలు ఏమైందో పూసగుచ్చినట్టు నాకు చెబుతారు. ఈ సొసైటీలో ఏ మొగుడూ పెళ్ళానికి అంత చెప్పడు. ఆ మాట అంటే మీరు మాట్లాడ్డం మానేస్తారేమోనని భయమేసింది. దానికన్నా కిటికీ పక్కన కూర్చోవడమే నయమనిపించింది.”

తన మీద ఇంత ప్రేమ, ఇన్నేళ్ళు, ఊపిరి బిగబట్టుకుని ఎదురుగా ఉందని ఆయనకి తెలియదు. మెంతికూర కట్ట ఒకటి తన వైపు లాక్కుని, “ఆ కరెంటు బ్రష్షు ఎక్కడుంది?” అన్నాడు.

“అది కుందులకి అలవాటైపోయింది. మీకు ఇంకోటి కొనుక్కోండి.”

సోమ, మంగళవారాల్లో ఆయన ఆఫీసులో పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడినా ఫైలు మూతికి అడ్డం పెట్టుకునేవాడు. బుధవారం మధ్యాహ్నం మాత్రం క్యాంటీన్‌లో, సెక్షన్ మొత్తం పొడుగు బల్ల చుట్టూ చేరాక, లేచి నిలబడ్డాడు. కుర్చీ పోతే పోయింది, స్నేహితుడి మీద వేసిన మచ్చ మాత్రం తుడవాలి. పొద్దున్నుంచీ కూడగట్టుకున్న ధైర్యం అది.

“శివరాంకి నోటి వాసన అని నేను మీకు చెప్పాను. అది తప్పు,” అన్నాడు ఇంగ్లీషులో, ఫైలు మీద నోట్ రాసినంత స్పష్టంగా. “వాసన నాది.”

ఉదయ్‌కిరణ్ గ్లాసు కింద పెట్టి తెలుగులో, వినయంగా అన్నాడు. “తెలుసండి సార్.”

“ఎప్పట్నుంచి?”

“నేను చేరిన రోజే సెక్షన్‌లో వాళ్ళు చెప్పారండి. లాగిన్ పాస్‌వర్డ్ ఇచ్చారు, క్యాంటీన్ టైమింగ్స్ చెప్పారు, తర్వాత మీ గదిలో తలుపు దగ్గరే నిలబడి మాట్లాడమన్నారు.”

ముందు శివరామకృష్ణ నవ్వాడు. తర్వాత బల్లంతా. ఆఖరికి త్యాగరాజు కూడా నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

గురువారం కమిటీ గదిలో ఆయన మూడో వరస చివర కూర్చున్నాడు. మొదటి అరగంట సాఫీగా నడిచింది. అప్పుడు కమిటీ సభ్యులొకాయన కళ్ళజోడు సర్దుకుని, కొండ జిల్లాల్లో మంజూరైన గిడ్డంగులెన్ని, వాటిలో ఇవాళ వాడుకలో ఉన్నవెన్ని అని అడిగాడు. సునంద మేడమ్ తల కొంచెం వెనక్కి తిప్పింది. ఉదయ్‌కిరణ్ కాగితాలు తిరగేశాడు. ఇంకోసారి తిరగేశాడు. మేడమ్ మెడ మీద నరం బిగుసుకోవడం మూడో వరసలోంచి కూడా కనిపించింది.

త్యాగరాజు పెన్ను తీసి చీటీ రాసి ముందుకి పంపాడు. చీటీ అందుకున్న ఉదయ్‌కిరణ్ దాన్ని మేడమ్‌కి ఇవ్వలేదు. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకున్నాడు. “మీరే చెప్పండి సార్,” అన్నాయి వాడి కళ్ళు.

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, జానెడు దూరంలోనే ఆగి గొణిగాడు. మేడమ్ భుజం పాత అలవాటుగా ఆయనకి దూరంగా ముందుకి జరిగింది. కానీ ఏమీ వినపడలేదు.

“హాథ్ హటాకే బోలియే,” అంది ఆవిడ, చెయ్యి తీసి చెప్పమని.

ఆయన చెయ్యి తీశాడు. ఇంకొంచెం వంగి, “మూడొందల పన్నెండు మేడమ్. వాడుకలో నూట తొంభై నాలుగు. మిగతావాటికి రోడ్డు లేదు,” అని హిందీలో చెప్పాడు. ఆవిడ భుజం కదల్లేదు. ఆ అంకెలే పైకి పలికింది, రోడ్డు సంగతితో సహా. సభ్యుడు తల పంకించి రాసుకున్నాడు.

వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఈసారి ఆవిడ వెనక్కి తిరిగి అడగలేదు, కాగితం కోసం చెయ్యి చాపలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చెవి ఆయన వైపు వంచి అలాగే ఆగింది. మీటింగు అయ్యేదాకా త్యాగరాజుకి మళ్ళీ పెన్ను తియ్యాల్సిన పని పడలేదు.